జనరేటివ్ ఏఐతో బ్లాక్ హోల్ బొమ్మలు చేస్తే దాన్ని సిమ్యులేషన్ అనొచ్చా?

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో చెబుతాను. మీరు ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్. ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ (ప్రపంచంలో పలుచోట్ల ఉన్న రేడియో టెలిస్కోపుల్ని కలిపి భూమంత టెలిస్కోప్‌లా వాడే ప్రాజెక్ట్) వాళ్లు విడుదల చేసిన బొమ్మలు, నెట్‌లో దొరికిన సిమ్యులేషన్ బొమ్మలు కలిపి రెండు వేల దాకా పోగుచేసి ఒక డిఫ్యూజన్ మోడల్‌కి, అంటే ఉత్త నాయిస్ నుంచి మొదలుపెట్టి మెల్లగా శుభ్రం చేస్తూ కొత్త బొమ్మ తయారుచేసే ఏఐకి, నేర్పించారు. బొమ్మలు చూడముచ్చటగా వస్తున్నాయి, వాటిలో ఎనిమిది ఇక్కడ పెట్టారు. మీ గైడ్ మాత్రం "ఇది సిమ్యులేషన్ ఎట్లా అవుతుందమ్మా, బొమ్మలు గీయించడమే కదా" అన్నారు. ఆయన మాట నిజమేనా, రివ్యూకి మూడు నెలలే ఉంది, టాపిక్ మార్చేసుకోవాలా అని టెన్షన్ పడుతున్నారు.

టాపిక్ మార్చొద్దు. డేటా మాత్రం మొత్తం మార్చండి. జనరేటివ్ మోడల్‌తో బ్లాక్ హోల్ బొమ్మలు తయారుచేయడం నిజంగా జరుగుతున్న పని, ఉపయోగం ఉన్న పని. అయితే ఆ మోడల్ అసలు సిమ్యులేషన్‌కి బదులుగా నిలబడాలంటే బొమ్మ చూడ్డానికి సరిగ్గా ఉంటే సరిపోదు, ఆ బొమ్మని కొలిస్తే వచ్చే అంకెలు సరిగ్గా ఉండాలి. మీ గైడ్ అడిగిందానికి ఇప్పుడు మీ దగ్గర జవాబు లేకపోవడానికి కారణం అదే. మీ బొమ్మలో ఏ పిక్సెల్‌కీ యూనిట్ లేదు, ఏ బొమ్మ వెనకా "ఈ బ్లాక్ హోల్ స్పిన్ (తన చుట్టూ తాను తిరిగే వేగం) ఇంత, మనం చూస్తున్న కోణం ఇంత" అన్న లేబుల్ లేదు.

నా సంగతి రెండు ముక్కల్లో. పీహెచ్‌డీలో బ్లాక్ హోల్ చుట్టూ తిరిగే ప్లాస్మా (విద్యుదావేశంతో ఉన్న వేడి వాయువు) సిమ్యులేషన్లు చేశాను, ఆ తర్వాత గచ్చిబౌలిలో మెషిన్ లెర్నింగ్ ఉద్యోగంలో పడ్డాను. ఆదివారాలు నిజాంపేటలో మా ఇంటికి ఇద్దరు ముగ్గురు స్టూడెంట్లు ప్రాజెక్టులు పట్టుకుని వస్తుంటారు. మీ ప్రశ్న లాంటిది వాళ్లలో కనీసం నలుగురు అడిగారు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ గైడ్ అన్న "బొమ్మలు గీయడం" దగ్గరే మొదలుపెడదాం. 1979లో ఫ్రాన్స్‌కి చెందిన జాన్ పియేర్ లుమినే బ్లాక్ హోల్ చుట్టూ ఉండే వెలుగు పళ్లెం దూరం నుంచి ఎలా కనిపిస్తుందో లెక్కగట్టాడు. పంచ్ కార్డులతో నడిచే ఐబీఎం 7040 మీద లెక్క అయింది, బొమ్మ గీసే సదుపాయం మాత్రం లేదు. దాంతో లెక్కలో ఎక్కడ వెలుగు ఎంత వచ్చిందో దాని ప్రకారం కాగితం మీద ఇంకుతో చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. అంటే అది అక్షరాలా చేత్తో గీసిన బొమ్మ. అయినా అది సిమ్యులేషనే, ఎందుకంటే ప్రతి చుక్క వెనకా ఒక లెక్క ఉంది. మీ మోడల్ పెట్టే చుక్క వెనక ఏముందో చెప్పగలిగితే గైడ్‌కి జవాబు చెప్పినట్టే.

ఇప్పుడు అసలు సిమ్యులేషన్ అంటే ఏమిటో కొంచెం చూడాలి, లేకపోతే మీ మోడల్ దేన్ని అనుకరిస్తోందో తెలియదు. ఇందులో రెండు దశలు. మొదటిది జీఆర్ఎంహెచ్‌డీ, అంటే సాపేక్షతా సిద్ధాంతం చెప్పే వంగిన స్థలకాలంలో, అయస్కాంత క్షేత్రాలతో కలిసి వేడి ప్లాస్మా ఎలా ప్రవహిస్తుందో అడుగడుక్కీ లెక్కకట్టడం. సూపర్ కంప్యూటర్ మీద రోజులు, వారాలు పడుతుంది. రెండోది రే ట్రేసింగ్. ఆ ప్లాస్మా నుంచి వచ్చే కాంతి బ్లాక్ హోల్ దగ్గర వంగి, మెలితిరిగి, మన టెలిస్కోప్‌కి చేరేసరికి ఏ పిక్సెల్‌లో ఎంత పడుతుందో లెక్కకట్టడం. ఎం87 గెలాక్సీ మధ్యలోని బ్లాక్ హోల్ బొమ్మని 2019 ఏప్రిల్ 10న విడుదల చేసినప్పుడు దానితో పోల్చడానికి ఈవెంట్ హొరైజన్ బృందం 43 సిమ్యులేషన్ల నుంచి 60 వేలకు పైగా బొమ్మలున్న లైబ్రరీ తయారుచేసుకుంది. స్పిన్, చూసే కోణం, ఎలక్ట్రాన్ల వేడిని నిర్ణయించే ఒక పారామీటర్, అయస్కాంత క్షేత్రం బలంగా పేరుకుందా లేదా అన్నది, ఇవన్నీ మారుస్తూ చేసిన బొమ్మలవి.

గమనించాల్సింది ఏంటంటే ఆ లైబ్రరీలో స్పిన్ విలువలు గుప్పెడే. సున్నా, ప్లస్ మైనస్ 0.5, ప్లస్ మైనస్ 0.94, ఇట్లా మెట్లు మెట్లుగా ఉంటాయి (1 అంటే గరిష్ఠం, మైనస్ అంటే ప్లాస్మాకి ఎదురు దిశలో తిరగడం). 0.7 దగ్గర బొమ్మ కావాలంటే మళ్లీ సూపర్ కంప్యూటర్ దగ్గర క్యూలో నిలబడాలి. జనరేటివ్ మోడల్ అక్కరకొచ్చేది ఇక్కడే. మెట్ల మీద ఉన్న బొమ్మలు చూసి నేర్చుకుని, రెండు మెట్ల మధ్య బొమ్మ ఎలా ఉంటుందో క్షణాల్లో ఇవ్వగలిగితే అది మంచి పనిముట్టు. మీ ప్రాజెక్ట్‌కి ఒక్క వాక్యంలో పేరు పెట్టాలంటే ఇదే: పారామీటర్లు ఇస్తే సిమ్యులేషన్ బొమ్మ ఇచ్చే ఎమ్యులేటర్. "ఏఐతో బ్లాక్ హోల్ ఫొటోలు" అని మాత్రం రాయొద్దు.

ఇక డేటా. మీరు నెట్ నుంచి దింపుకున్న నారింజ రంగు బొమ్మలు పక్కన పెట్టేయండి. ఆ నారింజ రంగు ఎంపిక చేసి వేసింది. చూసింది 1.3 మిల్లీమీటర్ల రేడియో తరంగాల్లో, కంటికి కనిపించే రంగు అందులో ఉండదు. మీ మోడల్ ఇప్పుడు ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానెళ్లు నేర్చుకుంటోంది, నిజానికి ఉన్నది ఒక్క అంకె, ఆ దిశ నుంచి వచ్చే రేడియో తీవ్రత. పైగా నెట్‌లో దొరికే మామూలు పీఎన్‌జీ ఫైల్ అంటే ఒక్కో చానెల్‌కి 256 మెట్లే. మసకగా ఉండే భాగాలన్నీ అందులో నల్లగా కలిసిపోతాయి, వాటిని ఏ మోడలూ వెనక్కి తేలేదు.

డేటా ఎక్కడ దొరుకుతుందంటారా, రే ట్రేసింగ్ కోడ్ మీరే నడపండి. ఐపోల్ అనే కోడ్ ఓపెన్‌గా ఉంది. పూర్తి జీఆర్ఎంహెచ్‌డీ మీకు ఇప్పుడు అక్కర్లేదు. బ్లాక్ హోల్ చుట్టూ ప్లాస్మా సాంద్రత, వేడి, వేగం సూత్రాల రూపంలో ఇచ్చేసే సులువైన మోడల్స్ ఉంటాయి, వాటి మీద రే ట్రేసింగ్ చేస్తే మామూలు కంప్యూటర్ మీద కూడా వేల బొమ్మలు చేసుకోవచ్చు. వాటిలో తుఫాను లాంటి అలజడి ఉండదు, నున్నగా ఉంటాయి. మొదటి ప్రాజెక్ట్‌కి అదే మేలు, ఎందుకంటే మధ్య విలువ దగ్గర అసలు బొమ్మ ఎలా ఉండాలో మీరే లెక్కకట్టి మోడల్ ఇచ్చినదాని పక్కన పెట్టి చూడొచ్చు.

సైజు 64 బై 64 చాలు. పిక్సెల్‌కి 2 మైక్రో ఆర్క్‌సెకన్లు (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు, మైక్రో అంటే అందులో పది లక్షల వంతు) పెట్టుకోండి, మొత్తం 128 మైక్రో ఆర్క్‌సెకన్ల మేర ఆకాశం వస్తుంది. ఎం87 బొమ్మలో కనిపించే వెలుగు ఉంగరం వ్యాసం సుమారు 42 మైక్రో ఆర్క్‌సెకన్లు, అంటే మీ బొమ్మలో 21 పిక్సెళ్లు. భూమంత టెలిస్కోప్ చూడగలిగే సూక్ష్మత సుమారు 20 మైక్రో ఆర్క్‌సెకన్లే కాబట్టి ఇంతకన్నా పెద్ద బొమ్మ చేసి జీపీయూని కష్టపెట్టడం వల్ల ఇప్పుడు ఒరిగేదేం లేదు. 16 జీబీ ఉన్న టీ4 జీపీయూ మీద చిన్న యూనెట్‌తో (డిఫ్యూజన్‌లో వాడే న్యూరల్ నెట్‌వర్క్) ఈ సైజు హాయిగా నడుస్తుంది.

ప్రతి బొమ్మ పక్కనా దాని పారామీటర్లు, యూనిట్లు, ఏ కోడ్‌తో చేశారో రాసిపెట్టుకోండి. మన బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో ఒకప్పుడు ఆకాశాన్ని గాజు పలకల మీద ఫొటోలు తీసి, డెక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల మధ్య పట్టీలో నక్షత్రాల స్థానాలు ఒక్కొక్కటీ కొలిచి కేటలాగ్ వేశారు, ప్రపంచ వ్యాప్తంగా అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పంచుకుని చేసిన పని అది. పలక ఏదో, అంకె ఏదో రాసిపెట్టారు కాబట్టే ఆ కొలతలు తర్వాతి తరాల వాళ్లకీ పనికొచ్చాయి. మీ ఫోల్డర్‌లో "ఫైనల్_2" అని ఉన్న రెండు వేల ఫైళ్లు వచ్చే సెమిస్టర్‌కి మీకే అర్థం కావు.

ఇప్పుడు నేను దెబ్బతిన్న చోట్లు చెబుతాను. పుస్తకాల్లో ఇవి పెద్దగా రాయరు.

అద్దం బొమ్మ. మొదటిసారి స్పిన్ దిశని, చూసే కోణాన్ని బట్టి బొమ్మ ఇచ్చే మోడల్ చేసినప్పుడు మూడు వారాలు తల పట్టుకున్నాను. లాస్ (మోడల్ చేసే తప్పు కొలత) తగ్గుతోంది, బొమ్మలు అందంగా ఉన్నాయి, కానీ కోణం 17 డిగ్రీలు అడిగినా 163 అడిగినా ఒకే రకం బొమ్మలు వస్తున్నాయి, సగం ఇటు వెలుగుతో, సగం అటు వెలుగుతో. ఆఖరికి చూస్తే డేటా లోడర్‌లో, అంటే మోడల్‌కి బొమ్మలు అందించే కోడ్‌లో, అందరూ అలవాటుగా పెట్టే ఆగ్మెంటేషన్ (డేటా పెంచడానికి బొమ్మల్ని అద్దంలోలా తిరగేయడం) ఉంది. పిల్లి బొమ్మని అద్దంలో చూసినా పిల్లే. ఇక్కడ అట్లా కుదరదు. ఉంగరంలో ఒకవైపు ఎక్కువ వెలుగు ఉండటానికి కారణం, అక్కడి ప్లాస్మా కాంతి వేగానికి దగ్గరగా మనవైపు దూసుకొస్తూ ఉండటం. ఎం87లో దక్షిణం వైపు అట్లా ప్రకాశంగా కనిపించేది అందుకే. అద్దంలో తిప్పితే ప్లాస్మా తిరిగే దిశే మారిపోతుంది. బొమ్మలో తప్పు లేదు, అది 163 డిగ్రీల నుంచి చూసిన బొమ్మతో సమానం, నేను దానికి 17 అని లేబుల్ పెట్టి నేర్పించాను. పక్కకి తిప్పడం, అంటే రొటేషన్, చేసుకోవచ్చు, కాకపోతే ఎంత తిప్పారో కూడా లేబుల్‌లో ఉండాలి.

ఒకే సిమ్యులేషన్ నుంచి ట్రైన్ (నేర్పే బొమ్మలు), టెస్ట్ (పరీక్షించే బొమ్మలు) రెండూ. ఇది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఇందులో ఫలితాలు అద్భుతంగా కనిపిస్తాయి. సిమ్యులేషన్ అంటే వీడియో లాంటిది. వరస ఫ్రేములు దాదాపు ఒకేలా ఉంటాయి. ఎం87 ద్రవ్యరాశి 650 కోట్ల సూర్యులంత, దాని దగ్గర కాలానికి సహజమైన కొలమానం (ద్రవ్యరాశిని బట్టి వచ్చే పొడవుని కాంతి దాటే సమయం) సుమారు 9 గంటలు. సిమ్యులేషన్లో ఫ్రేములు అట్లాంటివి కొన్ని కొలమానాల దూరంలోనే తీస్తారు. వాటిని కలగలిపి ఎనభై శాతం ట్రైన్‌కి, ఇరవై శాతం టెస్ట్‌కి విడగొడితే టెస్ట్‌లోని ప్రతి బొమ్మకీ ట్రైన్‌లో కవల ఉంటుంది. మోడల్ ఏం నేర్చుకుందో తెలియదు, బట్టీ పట్టిందేమో కూడా తెలియదు. విడగొట్టేటప్పుడు సిమ్యులేషన్ మొత్తానికి మొత్తం పక్కన పెట్టాలి. స్పిన్ 0.5 ఉన్నవన్నీ దాచేయండి, మిగతావాటితో నేర్పండి, తర్వాత 0.5 అడగండి. ఎమ్యులేటర్‌కి అసలు పరీక్ష అదే. నా మొదటి పేపర్ డ్రాఫ్ట్ వెనక్కి తీసుకుని ఈ పరీక్ష మళ్లీ చేయాల్సి వచ్చింది, అప్పుడు ఉంగరం వ్యాసం సరిగ్గానే వచ్చింది, వెలుగు ఎక్కువ ఉన్న వైపుకీ తక్కువ ఉన్న వైపుకీ మధ్య తేడా మాత్రం గతి తప్పింది.

స్కేల్. బొమ్మలో చాలా పిక్సెళ్లు దాదాపు సున్నా, కొన్ని మాత్రం భగ్గున మండుతుంటాయి. నేరుగా నేర్పితే మసక భాగాలు మోడల్‌కి ఆనవు. అందుకని నాలుగో మూలం (వర్గమూలానికి మళ్లీ వర్గమూలం) తీసి నేర్పిస్తాం. ఇది మంచిదే, కానీ తిరిగి అసలు తీవ్రతకి మార్చేటప్పుడు తప్పు కూడా పెరుగుతుంది. నాలుగో మూలంలో 2 శాతం తప్పు అసలు తీవ్రతలో 8 శాతం దాటుతుంది. స్క్రీన్ మీద చూస్తే ఆ తేడా కంటికి తెలియనే తెలియదు.

దీనితో పాటే ఇంకొకటి. ప్రతి బొమ్మనీ దాని గరిష్ఠ విలువతో భాగించే అలవాటు మానేయండి. అట్లా చేస్తే ఆ క్షణంలో బ్లాక్ హోల్ మొత్తం ఎంత వెలుగు ఇస్తోందన్న సమాచారం ఎగిరిపోతుంది. అన్ని బొమ్మలకీ ఒకే స్థిర సంఖ్యతో భాగించండి, లేదా మొత్తం వెలుగుని విడిగా ఒక అంకెగా దాచుకోండి.

గ్యాన్ (బొమ్మ తయారుచేసే నెట్‌వర్క్, అది నకిలీయా అని పట్టుకునే నెట్‌వర్క్ పోటీపడే ఇంకో రకం మోడల్) వాడాలా డిఫ్యూజనా అని కూడా అడిగారు. మీ అవసరానికి డిఫ్యూజనే. గ్యాన్ బొమ్మ చకచకా ఇస్తుంది, కానీ రకరకాల బొమ్మలు ఇవ్వాల్సిన చోట రెండు మూడు రకాల దగ్గరే ఆగిపోయే జబ్బు దానికి ఉంది, అది మనకి పనికిరాదు. గ్యాన్‌తో ఎం87 బొమ్మలు తయారుచేసిన పరిశోధనలు ఉన్నాయి, తీసిపారేయాల్సినవి కాదు. మీకు మూడు నెలలే ఉంది, గ్యాన్‌ని దారికి తేవడానికే అందులో సగం పోతుంది.

రకరకాలు ఎందుకంత ముఖ్యమో చెబుతాను. ప్లాస్మా అల్లకల్లోలంగా ఉంటుంది. అవే పారామీటర్లతో కూడా బొమ్మ రోజుకో తీరుగా ఉంటుంది. ఎం87ని 2017లో, మళ్లీ 2018లో చూశారు. 2018 బొమ్మ 2024 జనవరిలో వచ్చింది. ఉంగరం వ్యాసం అంతే ఉంది, ప్రకాశవంతమైన చోటు మాత్రం సుమారు 30 డిగ్రీలు జరిగింది. మీ మోడల్ కూడా ఇట్లాగే ప్రవర్తించాలి. స్థలకాలం నిర్ణయించేది నిలకడగా ఉండాలి, ప్లాస్మా నిర్ణయించేది మారుతుండాలి, ఎంత మారాలో అంతే మారాలి. ఒక్కో పారామీటర్ సెట్‌కి కనీసం కొన్ని వందల బొమ్మలు తీసి, వాటి సగటునే కాకుండా వాటి చెదురునీ అసలు సిమ్యులేషన్‌తో పోల్చండి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది గానీ, ఇక్కడ ఒక్క బొమ్మ చూసి చెప్పలేం. మీరు పెట్టిన ఎనిమిది బొమ్మల్లోనూ వెలుగు ఒకే వైపు ఉండటం చూసే నాకు అనుమానం వచ్చింది.

ఇక పరీక్షలు. మీరు ఎఫ్ఐడీ స్కోర్ (మోడల్ బొమ్మలు అసలు బొమ్మలకి ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే అంకె) పెట్టారు. ఎఫ్ఐడీ ఇక్కడ పెద్దగా ఏమీ చెప్పదు. ఆ స్కోర్ లెక్కకట్టే నెట్‌వర్క్ కుక్కలు, కార్లు, పూల ఫొటోల మీద నేర్చుకుంది. దానికి ఫోటాన్ రింగ్ (బ్లాక్ హోల్ చుట్టూ వంగిన కాంతి చేసే సన్నని ఉంగరం) తెలియదు. దాని బదులు ఇవి చూడండి: మొత్తం వెలుగు, ఉంగరం వ్యాసం, మందం, ఏ దిశలో ప్రకాశం ఎక్కువ, ఎంత ఎక్కువ, మధ్యలో నీడ ఎంత చీకటి. వ్యాసానికి మీరే చేత్తో లెక్క సరిచూసుకోవచ్చు. బ్లాక్ హోల్ తిరగకపోతే నీడ వ్యాసం, ద్రవ్యరాశి నుంచి వచ్చే పొడవు ప్రమాణానికి సుమారు 10.4 రెట్లు ఉంటుంది. ఎం87కి ఆ పొడవు సుమారు 960 కోట్ల కిలోమీటర్లు, దూరం సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాలు. కోణంగా మార్చితే దాదాపు 40 మైక్రో ఆర్క్‌సెకన్లు. వెలిగే ఉంగరం ఈ నీడకి కాస్త బయటగా ఉంటుంది కాబట్టి కొలిచిన 42తో పొసుగుతుంది. ఈ లెక్క మీ రిపోర్ట్‌లో ఒక పేజీ పెడితే రివ్యూలో కూర్చున్నవాళ్లకి మీరు ఏం చేస్తున్నారో తెలుసని అర్థమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఫూరియర్ (బొమ్మని వెడల్పైన, సన్నని అలలుగా విడగొట్టి చూసే గణితం) వైపు ఉంది, దీని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను. ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ ఫొటో తీయదు. 2017లో ఆరు చోట్ల ఉన్న ఎనిమిది టెలిస్కోపులు ఒకేసారి చూశాయి. వాటిని జంటలు జంటలుగా కలిపితే ఒక్కో జంట ఆకాశంలోని బొమ్మ తాలూకు ఫూరియర్ రూపంలో ఒక్కో బిందువుని కొలుస్తుంది. పోగైన డేటా పెటాబైట్లలో ఉండటంతో ఇంటర్నెట్‌లో పంపలేక హార్డ్ డిస్కుల్ని విమానాల్లో తెచ్చారు, దక్షిణ ధ్రువం నుంచి రావాల్సినవి అక్కడ చలికాలం పోయేదాకా ఆగాయి. ఇంత చేసినా ఫూరియర్ తలంలో నిండింది కొద్ది భాగమే. మిగతాది ఖాళీ. అందుకే ఆ డేటాకి సరిపోయే బొమ్మలు ఒకటికి మించి ఉంటాయి, వాటిలో దేన్ని నమ్మాలన్నది మనం ముందుగా పెట్టుకున్న ఊహల మీద ఆధారపడుతుంది.

మీ బొమ్మకి ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ తీసి, టెలిస్కోపుల మధ్య దూరం పెరిగేకొద్దీ సిగ్నల్ ఎలా పడిపోతుందో గీయండి. ఉంగరం ఆకారం ఉంటే ఒకచోట సిగ్నల్ దాదాపు సున్నాకి పడి మళ్లీ లేస్తుంది. ఎం87 డేటాలో మొదటిసారి అట్లా పడేది సుమారు 3.4 గిగా లామ్డా దగ్గర, అంటే టెలిస్కోపుల మధ్య దూరం తరంగదైర్ఘ్యానికి 340 కోట్ల రెట్లు ఉన్నచోట. ఒకసారి ఒక స్టూడెంట్ తెచ్చిన బొమ్మలు అసలు సిమ్యులేషన్ పక్కన పెడితే నేను కూడా వేరు చేయలేకపోయాను. ఫూరియర్ గీస్తే ఆ లోయ మూడోవంతు నిండిపోయి ఉంది. వెతికితే మోడల్ బొమ్మంతటా కంటికి ఆనని సన్నని మచ్చలు చల్లుతోంది, మన స్క్రీన్ మీద అది నల్లగానే కనిపిస్తోంది. పైన పటారం లోన లొటారం అంటారే, సరిగ్గా అదే. స్క్రీన్ మీద గంటసేపు చూసినా దొరకనిది ఒక్క గీతలో దొరికింది. ఇహెచ్‌టీ ఇమేజింగ్ అనే పైథాన్ లైబ్రరీ ఓపెన్‌గా ఉంది, అసలు టెలిస్కోపులు ఏయే బిందువులు కొలిచాయో వాటి దగ్గరే మీ బొమ్మని కొలిచి చూపిస్తుంది. అది నేర్చుకోవడానికి ఒక వారం పెట్టండి, మోడల్ ట్యూనింగ్‌కి పెట్టే వారం కన్నా ఎక్కువ ఫలితం ఇస్తుంది.

ఈ ఖాళీల సంగతి చెప్పాక జనరేటివ్ మోడల్స్‌కి ఉన్న రెండో ఉపయోగం కూడా చెప్పాలి. ఖాళీలు నింపేటప్పుడు "బొమ్మలు సాధారణంగా ఇట్లా ఉంటాయి" అన్న ముందస్తు ఊహగా ఈ మోడల్‌ని వాడుతున్నారు. 2023లో లియా మెడీరోస్ బృందం 30 వేలకు పైగా సిమ్యులేషన్ బొమ్మల్లోని ముఖ్యమైన నమూనాలు నేర్చుకుని, వాటితో 2017 డేటాని మళ్లీ బొమ్మగా మార్చింది. అది డిఫ్యూజన్ కాదు, అంతకన్నా పాత గణితం, ఆలోచన మాత్రం అదే తోవలోది. ఉంగరం మందం దాదాపు సగానికి తగ్గింది. పేపర్లలో "బ్లాక్ హోల్ ఫొటోకి ఏఐ మెరుగులు" అని వచ్చింది మీకు గుర్తుండొచ్చు. జాగ్రత్తగా చదవాల్సింది ఇక్కడే. ఆ సన్నదనంలో కొంత డేటా నుంచి వచ్చింది, కొంత నేర్పిన సిమ్యులేషన్ల నుంచి వచ్చింది. ఎవరి వాటా ఎంతో విడదీసి చూపించడమే అసలైన పని.

ఆ పని చక్కగా చేసింది కాల్‌టెక్‌లో కేటీ బౌమన్ బృందం, 2024లో. డిఫ్యూజన్ తరహా మోడల్స్‌ని వేర్వేరు బొమ్మల మీద నేర్పించారు, బ్లాక్ హోల్ సిమ్యులేషన్ల మీద ఒకటి, బ్లాక్ హోల్‌తో ఏ సంబంధమూ లేని మనుషుల ముఖాల మీద ఒకటి, ఇట్లా. అన్నిటికీ ఎం87 అసలు డేటానే ఇచ్చి, ఊహ మారితే బొమ్మలో ఏది మారుతోంది, ఏది నిలబడుతోంది అని చూశారు. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన పద్ధతి ఇది. మీరు కూడా మీ స్థాయిలో చేయొచ్చు: ఉంగరాల మీద నేర్పిన మోడల్ ఒకటి, ఉత్త మచ్చల మీద నేర్పిన మోడల్ ఒకటి, ఒకే కృత్రిమ డేటా. రెండింటిలోనూ ఉంగరం వస్తే అది డేటా చెప్పిన మాట.

సిమ్యులేషన్‌నే గుడ్డిగా నమ్మకూడదని కూడా రాయాలి. మన పాలపుంత మధ్యలోని సాజిటేరియస్ ఎ* బొమ్మ 2022 మే 12న వచ్చింది. దాని బరువు సుమారు 40 లక్షల సూర్యులే కాబట్టి అక్కడ కాలం కొలమానం సుమారు 20 సెకన్లు, నిమిషాల్లోనే వెలుగు మారిపోతుంది. అప్పుడు తేలిందేమిటంటే చాలా సిమ్యులేషన్లలో వెలుగు హెచ్చుతగ్గులు నిజంగా కనిపించినదాని కన్నా ఎక్కువగా ఉన్నాయి. అంటే గురువు దగ్గరే లోపం ఉంది. వేప విత్తు వేసి మామిడి చెట్టు రావాలంటే రాదు, ఆ సిమ్యులేషన్ల మీద నేర్చుకున్న మోడల్ కూడా ఆ అతి హెచ్చుతగ్గులనే నమ్మకంగా మీకు అప్పగిస్తుంది. 2025లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీకి చెందిన మైకేల్ యాన్సెన్ బృందం లక్షల కొద్దీ సింథటిక్ డేటాతో న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పి, ఈ బ్లాక్ హోల్ దాదాపు గరిష్ఠ వేగంతో తిరుగుతోందని చెప్పింది. ఆసక్తికరమైన ఫలితం, నేను ఇంకో రకం సిమ్యులేషన్లతో ఎవరైనా అదే చూపించేదాకా ఆగుతాను.

ఒక చిన్న సంగతి, నాకు మనసుకి కష్టమనిపించినది. రెండేళ్ల కింద ఇక్కడే ఒక స్కూల్ సైన్స్ ఎగ్జిబిషన్‌కి వెళ్తే, పెద్ద ఫ్లెక్సీ మీద మోడల్‌తో చేసిన బొమ్మ పెట్టి కింద "బ్లాక్ హోల్ నిజమైన ఫొటో" అని రాశారు. ఎనిమిదో తరగతి బాబు ఒకడు దాని ముందు నిలబడి ఉంగరంలో గీతలు లెక్కపెట్టుకుంటున్నాడు, ఆ గీతలు ఏ టెలిస్కోపూ చూడనివి. వాడి శ్రద్ధ చూశాక ఇంటికొచ్చి నా పాత స్లైడ్లన్నీ తీసి ప్రతి బొమ్మ మీదా "సిమ్యులేషన్", "మోడల్ తయారుచేసినది", "టెలిస్కోప్ డేటా నుంచి" అని మూడింట్లో ఏదో ఒకటి రాశాను. మీరు ఇక్కడ పెట్టిన బొమ్మల మీద ఏమీ లేదు, ఎవరైనా దింపుకుని ఇంకెక్కడైనా పెడతారు. దయచేసి బొమ్మ లోపలే రాయండి, కింద రాస్తే కత్తిరించేస్తారు.

మూడు నెలల్ని ఎట్లా వాడుకోవాలంటే, మొదటి నెల మొత్తం డేటాకే ఇవ్వండి. ఐపోల్‌ని మీ మెషిన్ మీద ఎక్కించడానికే నాలుగైదు రోజులు పోతాయి, కంగారు పడొద్దు. స్పిన్, కోణం రెండే మార్చండి, మూడో పారామీటర్ జోలికి వెళ్లొద్దు. రెండో నెల మోడల్. మూడో నెల దాచిపెట్టిన స్పిన్ మీద పరీక్ష, ఫూరియర్ గీతలు, రిపోర్ట్. నేర్పిన హద్దు దాటి అడిగితే ఏం జరుగుతుందో కూడా ఒక పేజీలో చూపించండి. 0.94 దాకా నేర్పి 0.99 అడిగితే మోడల్ తడబడదు, నిబ్బరంగా ఏదో ఒక బొమ్మ ఇస్తుంది. అది ఎంత తప్పో మీరు రే ట్రేసింగ్‌తో లెక్కకట్టి పక్కన పెడితే ఆ పేజీ మీ ప్రాజెక్ట్‌లో అన్నిటికన్నా విలువైనది అవుతుంది.

మీ గైడ్‌కి ఇప్పుడే వెళ్లి వాదన పెట్టుకోకండమ్మా. ఆయన సరైన ప్రశ్నే అడిగారు. దాచిన స్పిన్ దగ్గర అసలు బొమ్మ, మోడల్ బొమ్మ, రెండింటి తేడా, కింద రెండింటి ఫూరియర్ గీతలు, ఈ నాలుగూ ఒకే కాగితం మీద ప్రింట్ తీసుకుని వెళ్లండి. ఆ కాగితం తయారయ్యాక ఇక్కడ కూడా పెట్టండి, కలర్ బార్ మీద యూనిట్లు మర్చిపోకుండా. ఆదివారం సాయంత్రాలు చూస్తుంటాను, లోయ నిండిపోయి ఉంటే ఎక్కడ వెతకాలో చెబుతాను.